రెండు స్విచ్‌ల కిటికీ

మా బావకు నచ్చజెప్పడం కంటే అతను నడిపే బస్సుకు నచ్చజెప్పడం తేలిక. బస్సు కనీసం బ్రేకు తొక్కితే ఆగుతుంది.

డాక్టరు అక్క జబ్బు పేరు చెప్పిన కొద్ది రోజులకే బావ డ్రైవరు ఉద్యోగం మానేసి, ఎవరో వదిలించుకోవాలని చూస్తున్న పాత చిన్న బస్సును ఇంటికి తోలుకొచ్చాడు. సీట్లన్నీ పీకేశాడు. లోపల ఒక మంచం, చిన్న పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి బిగించాడు. వెనక తలుపు దగ్గర చక్రాల కుర్చీ ఎక్కడానికి ఏటవాలుగా ఒక పలక పెట్టాడు. దానికి ఇల్లుబండి అని పేరు కూడా పెట్టుకున్నాడు. "ఇక మీ అక్క ఇంట్లో పనుందని తప్పించుకోలేదు. ఇల్లే వెంటొస్తుంది" అని నాతో అంటున్నప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అక్కది కండరాలు ఒక్కొక్కటిగా మాట వినడం మానేసే జబ్బు. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాత నాలుక, చివరికి ఊపిరి. బుద్ధికి మాత్రం ఏమీ కాదు. జరిగేదంతా తెలుస్తూనే ఉంటుంది, అదే దాని అన్యాయం. మందు లేదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. మా ఇంట్లో అమ్మ చేతి కుట్టుపని అక్కకు వచ్చింది, నాన్న చేతి వైరింగ్ పని నాకు వచ్చింది. అమ్మ పండుముసలి అయ్యాక కూడా సూదిలో దారం ఎక్కించేది. అక్క నడివయసులోనే కత్తెర పట్టుకోలేకపోయింది. కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసిన రోజు తను ఏడవలేదు. నేనే ఏడ్చాను.

నాకు బండ్ల వైరింగ్ షాపు ఉంది. హారన్ మోగకపోయినా, లైటు వెలగకపోయినా, స్టార్టరు మూలిగినా నా దగ్గరికే వస్తారు. ఆడదానివి బండి కింద దూరతావేమిటని మొదట్లో మూతి విరిచినవాళ్ళు ఇప్పుడు నోరు మూసుకుని వరసలో నిలబడతారు. అందుకని బావ ఇల్లుబండిని తిన్నగా తెచ్చి నా షాపు ముందు ఆపి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"కిటికీలకి మోటారు తెరలు కావాలమ్మా కరెంటూ" అన్నాడు. పెళ్ళయిన కొత్తలోంచీ నన్ను అలాగే పిలుస్తాడు. "తాడు లాగే తెరలైతే మీ అక్క లాగలేదు. వేలితో ఇలా నొక్కితే పైకి పోవాలి, అలా నొక్కితే కిందికి రావాలి. తన కిటికీ తనే తెరుచుకోవాలి."

"ఆ వేలు ఎన్నాళ్ళుంటుంది బావా?" అనేశాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఉన్నన్నాళ్ళు" అన్నాడు బావ, తెరల పెట్టె కిందికి దించుతూ.

పనిలో దిగాక నాకు కోపం గుర్తుండదు. తెర చుట్టుకునే గొట్టంలోనే మోటారు ఉంటుంది. దాన్నుంచి రెండు వైర్లు బయటికి వస్తాయి. ఒకదానికి బ్యాటరీ ప్లస్సు, రెండోదానికి మైనస్సు ఇస్తే తెర పైకి చుట్టుకుంటుంది. అవే తారుమారు చేస్తే కిందికి దిగుతుంది. ఆ తారుమారు చేసే పనే స్విచ్‌ది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ పాత బస్సు గోడల్లో వైరు లాగడం ఉంది చూశారూ, అది పగవాడికి కూడా వద్దు. రేకుకూ చెక్కకూ మధ్య చెయ్యి పట్టదు. బెజ్జం వేసిన ప్రతిచోటా రేకు అంచు కత్తిలా ఉంటుంది. అక్కడ రబ్బరు రింగు తొడక్కపోతే బండి కుదుపులకు వైరు ఒరుసుకుని ఎప్పుడో ఒకప్పుడు కొంప ముంచుతుంది. చిన్న కిటికీలకు స్విచ్‌లు గోడ మీదే పెట్టేశాను. చిక్కంతా మంచం పక్కనున్న పెద్ద కిటికీతో వచ్చింది. పడుకున్న మనిషికి బయటంతా కనిపించేది అదే.

బజారులో దొరికే స్విచ్‌లు అక్క వేలికి లొంగలేదు. చూపుడు వేలు వాటి మీద ఆనుతోంది, అవి మాత్రం కదలడం లేదు. ఒకదాన్ని విప్పి లోపలి స్ప్రింగు తీసేసి, రాసే పెన్నులోని సన్న స్ప్రింగు ముక్క కోసి పెట్టాను. అదీ గట్టిగానే ఉందంది. ఇంకాస్త కోశాను. అరచేతిలో ఇమిడేలా ఒక చెక్కముక్క చెక్కి, దాని మీద స్విచ్ బిగించాను. బావ పక్కన కూర్చుని ఆ చెక్కను ఇసక కాగితంతో అద్దంలా నున్నగా అయ్యేదాకా రుద్దాడు.

"నీదేమన్నా మహారాణి వేలా? ఇన్ని వంకలు పెడుతోంది" అన్నాను అక్కతో.

"ఇన్నాళ్ళూ చాకిరీ చేసింది కదే. రిటైరవుతోంది" అంది అక్క. మాట అప్పటికే ముద్దముద్దగా వస్తోంది. నవ్వు మాత్రం పాతదే.

మొదటిసారి తను నొక్కినప్పుడు తెర గరగరమంటూ కిందికి దిగింది. బావ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "పైకి, పైకి నొక్కు" అన్నాడు. అక్క నొక్కింది. షాపు ముందు రోడ్డు, అవతల టైర్ల కొట్టు, కొట్టు ముందు కబుర్లాడుకుంటున్న మనుషులు కనిపించారు. వాళ్ళకూ అక్క కనిపించింది. తను మళ్ళీ తెర దించేసింది. స్విచ్ అలవాటు చేసుకుంటోంది కాబోలనుకున్నాను.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. బండి తీసుకెళ్ళబోతూ బావ, స్టీరింగ్ పక్కన తనకూ ఒక స్విచ్ కావాలన్నాడు. "నేను ముందు చూస్తుంటాను కదా. మంచి చోటు రాగానే నేనే ఎత్తేస్తాను. తను వేలు సర్దుకునేలోపు ఆ చోటు దాటిపోతుంది" అన్నాడు. బయట వేరే బళ్ళు కాచుకుని ఉన్నాయి. ఇంటి పనే కదా అని, ఆ రెండో స్విచ్ వైర్లను తీసుకెళ్ళి మొదటి స్విచ్ వైర్లకే కలిపి, టేపు చుట్టి పంపించేశాను. పరాయివాళ్ళ బండైతే చచ్చినా అలా చేసేదాన్ని కాదు. ఒకే కిటికీని ఇద్దరు ఒకేసారి చెరోవైపు నొక్కుతారని నాకు తట్టలేదు. ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలని గుర్తుపెట్టుకుని ఉంటే తట్టేదేమో.

ఇక మొదలైంది ఫ్యూజుల గోల. బావ రోజూ అక్కను ఇల్లుబండిలో ఊరి చివరిదాకా తిప్పుకొస్తున్నాడు. రెండు రోజులకోసారి మాడిపోయిన ఫ్యూజు పట్టుకుని నా షాపు గుమ్మంలో నిలబడుతున్నాడు. గోడ చెక్కలు విప్పి వైరు మొదలు నుంచి చివరిదాకా వేలితో తడిమి చూశాను. ఒక్కచోట కూడా ఒరుసుకోలేదు. షాపు ముందు ఏ స్విచ్ నొక్కినా తెర బుద్ధిగా ఎక్కి దిగుతోంది. బండి రోడ్డెక్కితే చాలు, ఫ్యూజు పోతోంది.

"పోనీ ఇంకొంచెం పెద్ద ఫ్యూజు వెయ్యరాదూ?" అన్నాడు బావ.

"వేస్తాను. అప్పుడు ఫ్యూజు కాలదు, బండి కాలుతుంది. లోపల కదల్లేని మనిషిని పడుకోబెట్టుకుని ఆ మాటెలా అంటున్నావు?" అని కసిరాను. బావ తలొంచుకున్నాడు. అతని మెడ వెనక మాసిన కాలరు చూసి, ఎందుకు కసిరానా అనిపించింది. అంతకుముందు అతని చొక్కాలన్నీ అక్కే ఉతికి ఇస్త్రీ చేసేది.

మర్నాడు నేనూ వాళ్ళతో బయల్దేరాను. టెస్ట్ లైటు పట్టుకుని మంచం పక్కన కింద కూర్చున్నాను. డ్రైవరు సీటుకూ మంచానికీ మధ్య బావ ఒక చెక్క అడ్డు పెట్టాడు. అతని అద్దంలో బండి పైకప్పు తప్ప ఏమీ కనబడదు. ఊరి చివర, చెరువుకు ముందున్న సిగ్నల్ దగ్గర బండి ఆగింది. పక్కనే ఒక బస్సు వచ్చి ఆగింది. దాని సీట్లలో ఉన్నవాళ్ళ ముఖాలు సరిగ్గా అక్క కిటికీ ఎత్తులో ఉన్నాయి. అక్క పెదవి చివర నుంచి చొంగ కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. బస్సులో ఒకావిడ పక్కావిడను మోచేత్తో పొడిచి చూపించింది. ఇద్దరూ కళ్ళప్పగించి చూశారు. అక్క వేలు కదిలింది. తెర దిగడం మొదలైంది.

సిగ్నల్ పడి బండి కదిలింది. తెర ఇంకా సగంలోనే ఉంది. "అదిగో, అదిగో! చెరువు నిండా కొంగలు! చూడు, చూడు!" అని ముందు నుంచి బావ కేక వేశాడు. అతని స్విచ్ టక్కుమంది. తెర ఉన్నచోటే ఆగిపోయింది.

ఫ్యూజు పోయింది. నేను దాని దగ్గరికి వెళ్ళలేదు. అక్క వేలినే చూస్తున్నాను. అది ఇంకా కిందికే నొక్కి ఉంది. అక్క కిందికి, బావ పైకి. అతని స్విచ్ ప్లస్సు పంపిన వైరులోకే అక్క స్విచ్ మైనస్సు పంపుతోంది. రెండూ ఎదురెదురుగా గుద్దుకుని ఫ్యూజు ప్రాణం తీస్తున్నాయి. వైరుకు ఏ రోగమూ లేదు.

పెట్రోలు బంకు దగ్గర బావ దిగగానే అడిగాను.

"రోజూ ఇంతేనా అక్కా?"

"రోజూ ఇంతే."

"తెర వద్దని చెప్పొచ్చు కదా బావకి."

అక్క మాటలు కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను మూతి తుడిచి, తొందర పడకుండా కూర్చున్నాను.

"చూడు చూడు అంటాడే. మీ బావ ఏం చూపించినా ఆఖరిసారి చూపిస్తున్నట్టే చూపిస్తాడు. కొంగలు ఆఖరిసారి. చెరువు ఆఖరిసారి. రోజూ ఏదో ఒకదానికి సెలవు చెప్పి రావడమే సరిపోతోంది నాకు. తెర దించుకుంటే నా గదిలో నేనున్నట్టుంటుంది. ఇంకా బతికే ఉన్నట్టుంటుంది." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ వైర్లేవో మార్చు. నా వేలు మీదుంటే నా మాటే చెల్లాలి."

అది చెయ్యొచ్చు. మధ్యలో చిన్న రిలే ఒకటి పెడితే సరి. అక్క స్విచ్ నొక్కి ఉన్నంతసేపూ బావ స్విచ్‌కు దారి తెగిపోతుంది. తను వేలు తీస్తే అతని దారి మళ్ళీ కలుస్తుంది. ఈ మాటే చెప్పాను.

"మరి వేలు కూడా పోయాక?" అంది.

"నేనొచ్చి నొక్కుతాను."

"మాటిస్తున్నావా?"

"ఇచ్చానమ్మా తల్లీ" అన్నాను.

ఇంటికొచ్చాక బావ నన్ను బండి చాటుకు పిలిచాడు. "మీ అక్క వేలు పట్టు తప్పి ఊరికే కిందికి జారుతున్నట్టుంది. నా స్విచ్‌కే బలముండేలా చెయ్యి" అన్నాడు.

తర్వాత ఘాట్ రోడ్డు సంగతి ఎత్తాడు. ఆ దారి గురించి నేను వెయ్యిసార్లు విన్నాను. ఉద్యోగమంతా అతను ఆ కొండదారి మీదే బస్సు నడిపాడు. "పైకి ఎక్కుతుంటే ఒక మలుపు వస్తుంది. అప్పటిదాకా ఏమీ ఉండదు. చెట్లూ రాళ్ళే. మలుపు తిరిగేసరికి లోయంతా ఒక్కసారి తెరుచుకుంటుంది. కింద నది. అవతల గట్టున రైలు పోతుంటే అగ్గిపెట్టెల వరసలా ఉంటుంది. రోజూ చూసేవాణ్ణి, రోజూ ఇంటికొచ్చి చెప్పేవాణ్ణి. ఒక్కసారి నా బస్సెక్కి రావే అంటే, కుట్టాల్సినవున్నాయి, రేపొస్తా అనేది. ఆ రేపు రాలేదు. ఆ మలుపు ఒక్కటి చూపిస్తే చాలు నాకు." ఆఖరి మాట అంటూ చెయ్యి బండి మీద ఆనించాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొగుడూ పెళ్ళాల మధ్య దూరినవాళ్ళు బాగుపడ్డట్టు నేనెక్కడా వినలేదు. చివరికి అక్క వైపే రిలే పెట్టాను. బావకు బండంతా ఉంది. అక్కకు ఉన్నది ఒక్క వేలు. నాకు తోచిన న్యాయం అదే. "సరిచేశాను, ఇక ఫ్యూజు పోదు" అని మాత్రం అతనితో చెప్పాను. అందులో అబద్ధం లేదు కాబట్టి కళ్ళల్లోకి చూసే చెప్పగలిగాను.

ఫ్యూజు మళ్ళీ పోలేదు. తన స్విచ్ పని చెయ్యడం లేదని బావ వచ్చి పోట్లాడతాడేమోనని చాలా రోజులు ఎదురుచూశాను. రాలేదు. గండం గడిచిందనుకున్నాను.

జబ్బు మాత్రం ఎక్కడా ఆగలేదు. అక్క మాట పోయింది. ఆసుపత్రిలో కళ్ళతో మాట్లాడడం నేర్పారు. కళ్ళు పైకెత్తితే అవును, మూస్తే కాదు. అంత వాగుడుకాయకు రెండు మాటలే మిగిలాయి. ఒకరోజు నేను వెళ్ళేసరికి స్విచ్ చెక్క అరచేతిలోనే ఉంది, వేలు దాని మీదే ఉంది, తను దానివైపే చూస్తోంది. వేలు కదలడం లేదు. నేను స్విచ్ విప్పి స్ప్రింగు పూర్తిగా తీసేశాను. అయినా కదల్లేదు. స్ప్రింగు తిరిగి పెట్టేశాను. నా దగ్గర ఇంక తియ్యడానికేమీ లేదు.

వచ్చే వారం నుంచి ఊపిరికి యంత్రం పెట్టాలన్నారు. పెట్టాక ఇక మంచం దించడం, బండెక్కించడం కుదరదన్నారు. బావ ఇంటికొచ్చి ఇల్లుబండికి నూనె మార్చాడు, టైర్లలో గాలి చూసుకున్నాడు. నాకు ఫోన్ చేసి, "రేపు ఘాట్ రోడ్డు. నువ్వూ రా" అన్నాడు. ఇచ్చిన మాట ఉంది కాబట్టి వెళ్ళాను. లేకపోతే ఏ వంకైనా పెట్టేదాన్నే.

బయల్దేరేముందు బావ నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఎక్కేటప్పుడు లోయ మీ అక్క వైపుంటుంది. దిగేటప్పుడు తన కిటికీకి కొండే. మలుపు దాటితే ఇక పైదాకా కొండను తొలిచి వేసిన దారి, రెండు పక్కలా గోడే. ఆ మలుపు ఒక్కటే." ముందు సీట్లో కూర్చుని స్విచ్ నొక్కాడు. తెర పైకి వెళ్ళింది. ఎండ అక్క ముఖం మీద పడింది. తను కళ్ళు మూసుకుంది.

ఊరు దాటేదాకా ఓపిక పట్టాను. అక్క కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. "దించనా?" అన్నాను. కళ్ళు పైకెత్తింది. తన వేలి మీద నా వేలు పెట్టి నొక్కాను. తెర దిగింది. ముందు నుంచి బావ స్విచ్ చప్పుడు వినిపించింది. టక్. మళ్ళీ టక్. తెర కదల్లేదు. కొండ మొదట్లో బండి పక్కకు తీసి ఆపేశాడు.

వెనక్కి వచ్చి మా ఇద్దరి వేళ్ళూ చూశాడు. దాచడానికి నాకేమీ లేదు.

"అక్కకి చూడాలని లేదు బావా" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఫ్యూజు పోయినప్పట్నుంచీ. ఇన్నేళ్ళు బస్సు నడిపాను, ఆ మాత్రం తెలీదా? మీ అక్క వేలు జారే వేలు కాదు."

నాకు కోపం ముంచుకొచ్చింది. "తెలిసీ నొక్కుతున్నావా? తను వద్దు మొర్రో అంటుంటే?"

"నొక్కకపోతే నేనేం చెయ్యను మరి?" అన్నాడు బావ. అతని గొంతు పెద్దదయింది. "మందు లేదన్నారు. తినిపించబోతే పొలమారుతోంది. మాట్లాడదామంటే జవాబు లేదు. ఊరికే పక్కన కూర్చుని చూస్తూ ఉండమంటావా? నాకొచ్చింది బండి నడపడం ఒక్కటే. నేను ఇవ్వగలిగింది ఆ మలుపు ఒక్కటే." వంగి, అక్క పెదవి చివర తన చేతిగుడ్డతో తుడిచాడు. "ఒక్క మలుపు. ఆ తర్వాత ఆ తెర జోలికి రాను. చూస్తావా?"

అక్క అతని ముఖాన్నే కాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. మూసుకుని, అలాగే ఉంచేసింది.

బావ "సరే" అన్నాడు. దుప్పటి అక్క పాదాల మీదికి సర్ది ముందుకు వెళ్ళిపోయాడు. ఆ క్షణంలో నాకు ఇద్దరి మీదా పట్టలేని కోపం వచ్చింది. తను ఒక్కసారి సరే అంటే ఏం పోయింది? అతను ఒక్కసారి వదిలేస్తే ఏం పోయింది? ఏమీ పోయేది కాదు, ఎందుకంటే అన్నీ ఎప్పుడో పోయాయి. అందుకే ఇద్దరూ ఆ ఒక్క కిటికీని అంత గట్టిగా పట్టుకున్నారు.

బండి ఎక్కడం మొదలుపెట్టింది. మలుపు మలుపుకూ తొట్టిలోని గిన్నెలు ఇటూ అటూ జరుగుతున్నాయి. లోపల చీకటిగా ఉంది. తెర అంచున సన్నటి వెలుగు గీత మాత్రం అక్క దుప్పటి మీద కదులుతోంది. మా వెనక లారీలు వరసగా ఎక్కుతున్నాయి. నా వేలు అక్క వేలి మీదే ఉంది. చల్లగా, మెత్తగా, ఎవరిదో అన్నట్టుంది ఆ వేలు.

"వచ్చేస్తోంది" అన్నాడు బావ ముందు నుంచి. ఎవరితో అన్నాడో తెలియదు. ఇంజను గొంతు మారింది. అతని స్విచ్ టక్కుమంది. ఈసారి నొక్కి వదల్లేదు, నొక్కి పట్టుకునే ఉన్నాడు. "ఇదే" అన్నాడు.

అక్క కళ్ళు తెరిచింది.

తెరకేసి చూస్తోంది. నల్లటి గుడ్డ తప్ప అక్కడేమీ లేదు. అంచునున్న వెలుగు గీత ఒక్కసారిగా తెల్లబడింది. అవతల ఎంత చోటు తెరుచుకుందో ఆ గీతను చూస్తేనే తెలుస్తోంది.

"ఎత్తనా?" అన్నాను.

కళ్ళు పైకెత్తలేదు. మూయలేదు.

"అక్కా, ఎత్తనా? చెప్పవే!"

బండి మలుపులో వాలుతోంది. నా వేలు ఆడడం లేదు. తను వద్దన్నది వద్దన్నట్టే ఉందా, మనసు మార్చుకుందా, నాకెలా తెలుస్తుంది? నేను మాటిచ్చింది దించుతానని, ఎత్తుతానని కాదు. వెలుగు గీత సన్నబడుతోంది. అప్పుడు అక్క కళ్ళు పైకెత్తింది. పైకెత్తి, అలాగే ఉంచేసింది.

వేలు తీసేశాను. రిలే టిక్కుమంది. బావ స్విచ్ ఇంకా నొక్కే ఉన్నాడు కాబట్టి మోటారు గరగరమంది. ఆ తెర ఎప్పుడూ నిదానమే. జానెడు లేచింది. మూరెడు లేచింది. కిటికీ నిండా సిమెంటు గోడ. తడిసి, పాచి పట్టి, నెర్రెల్లో గడ్డి మొలిచిన గోడ, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెనక్కి పోతోంది. ఆపమని అరవబోయాను. వెనక లారీ హారన్ కొడుతోంది, ఆ దారిలో బండి వెనక్కి తిరగదు.

"మోటారు!" అని అరిచాడు బావ. "ఎత్తిందా? తనే ఎత్తమందా?"

"తనే ఎత్తమంది" అన్నాను.

"చూస్తోందా?"

అక్క రెప్ప కూడా వెయ్యకుండా గోడనే చూస్తోంది.

"చూస్తోంది బావా."

"చెప్పలేదూ!" అన్నాడు బావ. అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అడ్డు వెనక నుంచి నాకు తెలియలేదు. "నేను చెప్పలేదూ, ఎంత బావుంటుందో!"

నేను ఆలస్యం చేశానో, తను ఆలస్యం చేసిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అక్క కళ్ళు నావైపు తిప్పింది. దించనా అని అడిగాను. కళ్ళు మూసింది, మళ్ళీ తెరిచి గోడకేసి చూసింది. కొండ మీదికి చేరేదాకా మేమిద్దరం ఆ గోడనే చూస్తూ కూర్చున్నాం.